తోడేలు, ఊరకుక్క: యోగ్యత యనగా నేమి?



సంధ్యవేళ బీబీపేట చెరువుగట్టుపై ఎదురుపడు ఊరకుక్కకును, గొఱ్ఱెలమందలకై పొంచియుండు తోడేలునకును చుట్టరికము కలదన్న నమ్మనివారు నేటికిని కలరు. కుక్క ప్రాచీనపు తోడేళ్ల సంతతి యని జన్యుశాస్త్రము నిశ్చయించినది. అయితే ఇప్పుడున్న తోడేళ్లలో ఏ శాఖయు దానికి నేరుగా తల్లి కాదు. ఆ పాత తోడేళ్లు అంతరించినవి. ఇవి దాయాదులు. జర్మనీలోని ఓబర్‌కాసెల్ వద్ద 1914లో బయల్పడిన సమాధిలో మనుష్యులతోపాటు కుక్క యెముకలును దొరకినవి. వాని వయస్సు సుమారు 14,000 సంవత్సరములు. మనుష్యుడు నాగలి పట్టకముందే కుక్క అతని చెంత నుండెనన్నమాట.

మచ్చిక ఎట్లయ్యెను? విడిదివద్ద ఎముకలకై వచ్చిన తోడేళ్లలో బెదురు తక్కువైనవే దగ్గఱకు చేరినవని కొందఱి మతము. మనుష్యులే కూనలను తెచ్చి పెంచిరని మఱికొందఱి మతము. ఏదైనను బెదురు తగ్గుటయే మొదటి మెట్టు. సైబీరియాలోని నొవొసిబీర్స్క్ వద్ద 1959 మొదలు బెల్యాయెవ్ పండితుడు దీనిని వెండినక్కలపై పరీక్షించెను. రంగును గాని చెవిని గాని చూడక, మనుష్యునికి జంకనివానినే తరతరమున ఏఱి జతకూర్చగా, కొన్ని తరములకే తోక యూపు నక్కలు పుట్టినవి. వానిలో కొన్నింటికి చెవులు వ్రేలాడినవి, ఒంటిపై తెల్లమచ్చలు వచ్చినవి.

పిదప సేద్యము వచ్చినది. పిండిపదార్థమును అరిగించు జన్యువు తోడేలునకు రెండు ప్రతులే. కుక్కలలో 4 మొదలు 30 వఱకు కలవని స్వీడన్ పండితులు 2013లో ప్రకటించిరి. జొన్నరొట్టె ముక్కతో, గంజితో మన ఊరకుక్క బ్రతుకుటకు ఇది కొంత కారణము.

ఇక యోగ్యత మాట. 1864లో స్పెన్సరు వాడిన “యోగ్యతమముల మనుగడ” యను పలుకును డార్విను 1869లో తన గ్రంథమున చేర్చుకొనెను. దానికి బలవంతునిదే రాజ్యమని అర్థము చెప్పి, బీదలను అణచుటకు ప్రకృతియే సాక్షి యని వాదించినవారు పుట్టిరి. అది తప్పుడు లెక్క. (ఆదిపర్వమున నిష్కారణముగా దెబ్బలు తిన్న తన బిడ్డకై సరమ జనమేజయుని యాగశాలకే వచ్చి నిలదీసినది, ఆమె పేరనే కుక్కకు సారమేయమని పేరు.) ప్రకృతి చిట్టాలో కండకు పద్దు లేదు, కోఱకు పద్దు లేదు. ఉన్నచోట బ్రతికి, కని, ఆ కన్నవి పెరిగి మరల కనినప్పుడే జమ. పది కూనలను కని తొమ్మిదింటిని పోగొట్టుకొనినదానికంటె, మూడింటిని కని రెండింటిని పెంచినదే యోగ్యము. ఏటికి రెండుమార్లు ఈనగలిగినను కుక్కకు పెంచుటయే కష్టము. పశ్చిమ బెంగాలులో 364 వీధికుక్కపిల్లలను గమనించి 2016లో ప్రకటించిన పరిశీలనలో, ఎదిగి ఈడునకు వచ్చినవి నూటికి 19 మాత్రమే.

ఈ యోగ్యతయు స్థిరము కాదు. దక్కను బీళ్లలో తోడేలు యుగములుగా యోగ్యమే; అది మారలేదు, బీళ్లు దున్నబడినవి. 2022లో ప్రకటించిన అంచనా ప్రకారము భారతదేశమున మూడువేల పైచిలుకు తోడేళ్లే మిగిలినవి. వానికి ఊరకుక్కల రోగములు సోకుచున్నవి. పుణె ప్రాంతపు తోడేళ్లలో కుక్కసంకరము కలదని 2023లో జన్యుపరీక్షవలన తేలినది.