చెవి పైన పోగు



పోయిన దసరా సెలవులకి మా అక్కయ్య కూతురు మా ఇంటికి వచ్చింది. ఇంటరు చదువుతోంది. వచ్చిన మర్నాడే, "పిన్నీ, చెవి పైన కూడా కుట్టించుకుంటాను" అని మొదలుపెట్టింది. వద్దనడానికి నాకు నోరేదీ? మా నాయనమ్మ చెవి అంచున బావిలీలు పెట్టుకునేది. పాత ముచ్చటే మళ్ళీ వచ్చిందనుకుని, వీధి చివర దుకాణానికి తీసుకువెళ్ళాను. తుపాకీలాంటి పరికరంతో టక్కున నొక్కి, రెండు నిమిషాల్లో పంపించేశారు.

నాలుగో రోజుకి చెవి ఎర్రబడింది. మనకు తెలిసిన వైద్యమే చేశాను. పసుపూ, కొబ్బరినూనే. ఆరో రోజుకి చెవి పైభాగమంతా పూరీలా పొంగింది, జ్వరం కూడా తగిలింది. కింద తమ్మె మాత్రం మామూలుగానే ఉంది. "తమ్మె బాగానే ఉంది గదా, తగ్గిపోతుందిలే" అన్నాను. డాక్టరుగారు ఆ మాట విని నాకు బాగానే చీవాట్లు పెట్టారు. తమ్మెను వదిలేసి పైభాగం మాత్రమే వాచడమే అసలు ప్రమాదానికి గుర్తట!

ఎందుకంటారా? తమ్మెలో ఉండేది మెత్తటి కొవ్వు, చర్మం. అక్కడ రక్తం బాగా తిరుగుతుంది కనుక కుట్టిన గాయం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. పైభాగం అలా కాదు. లోపల ఉండేది మృదులాస్థి, అంటే మెత్తటి ఎముకలాంటిది. దానికి సొంత రక్తనాళాలు లేవు. పైన అంటుకుని ఉండే పల్చటి పొరే దానికి తిండి పెట్టాలి. ఆ పొరకీ మృదులాస్థికీ మధ్య చీము చేరిందా, తిండి ఆగిపోతుంది, మృదులాస్థి చచ్చిపోతుంది. చెవి ముడుచుకుపోతుంది. కుస్తీలు పట్టేవాళ్ళ చెవులు ముద్దగా ఉండడం చూశారా? అక్కడ దెబ్బలకు నెత్తురు చేరి అలా అవుతుంది. ఇక్కడ చీము చేసేదీ అదే పని. అందుకే పైభాగం పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పైకి మానినట్టు కనిపిస్తుంది సుమా, నమ్మకండి.

ఈ చీము తెచ్చే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనదాని పేరు సూడోమోనాస్. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది. 2000లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒకే దుకాణంలో చెవి పైభాగం కుట్టించుకున్న కొందరికి ఇది సోకింది. ఎక్కడినుంచి వచ్చిందా అని వెతికితే, శుభ్రం చేయడానికి చల్లే మందు సీసాలోనే ఉందట! కాబట్టి "మందు రాశాం లెండి" అన్న మాటతో తృప్తి పడకండి.

ఆ తుపాకీ పరికరం మృదులాస్థిని కోయదు, మొద్దుగా చీల్చుకుంటూ పోతుంది. చాలావాటికి ప్లాస్టిక్కు భాగాలుంటాయి కనుక ఆవిరిలో ఉడికించి శుద్ధి చేయడం కుదరదు. పైభాగానికి బోలు సూదే మంచిది. సూది పొట్లం మీ ఎదుటే విప్పాలి. అడగడానికి మొహమాటపడకండి, చీర కొనేటప్పుడు పడతామా? మధుమేహం ఉన్నవాళ్ళూ, గాయం మానినచోట కండ ఉబ్బెత్తుగా పెరిగే శరీరతత్వం ఉన్నవాళ్ళూ ముందు డాక్టరుని అడగాలి.

ఇక పోగు సంగతి. గిల్టు నగలూ, వన్ గ్రామ్ గోల్డూ కొత్త గాయంలో పెట్టకండి. పూత కింద నికెల్ ఉండవచ్చు. అది పడనివాళ్ళకి దురద, రసి. తెల్ల బంగారంలోనూ నికెల్ కలిపే రకాలున్నాయి. అన్నిటికన్నా నమ్మదగినది టైటానియం, శరీరంలో అమర్చడానికి వాడే రకం. విరిగిన ఎముకలకు లోపల బిగించే పలకలకు కూడా దాన్నే వాడుతుంటారు. బంగారమే కావాలంటే 916 ముద్ర ఉన్న 22 క్యారెట్లది, నున్నగా, తేలిగ్గా ఉన్నది చూడండి. మొదట్లో వాపు వస్తుంది గనుక కాడ కాస్త పొడుగు ఉండాలి. వెనక శీల బిగించేస్తే కండలోకి దిగబడిపోతుంది. మా పిల్లకి జరిగింది అదే.

రోజుకి రెండుసార్లు చేతులు సబ్బుతో కడుక్కుని, మందుల షాపులో దొరికే సెలైన్‌తో గాజుగుడ్డ తడిపి అద్దండి. లేదంటే కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్ళలో పావు చెంచా ఉప్పు చాలు. తరవాత పొడిగా ఒత్తండి. పోగు తిప్పుతూ ఉండాలని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. తిప్పకండి, మానుతున్న గాయం మళ్ళీ రేగుతుంది. స్పిరిటు, వేపపుల్ల, నూనె, పసుపు ఏవీ వద్దు. ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. తల దువ్వుకునేటప్పుడూ, చున్నీ తీసేటప్పుడూ జాగ్రత్త. మానేదాకా ఈతకొలనుకి వెళ్ళకూడదు. ఎరుపు పాకుతున్నా, నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పోగు తీయాలో ఉంచాలో వారే చెబుతారు.

మా పిల్లకి చీము తీసి, మూడు వారాలు మందులు వాడారు. చెవి అంచున చిన్న నొక్కు మిగిలింది, జుట్టు కప్పుకుంటోంది. మొన్న దాని చెల్లెలు ఫోను చేసి, "పిన్నీ, నేనూ కుట్టించుకుంటాను" అంది. వాళ్ళమ్మ ససేమిరా అంటోంది. నేను మాత్రం పరీక్షలయ్యేదాకా ఆగమన్నాను. ఈలోగా రోజూ రెండు పూటలా మొక్కలకి నీళ్ళు పొయ్యమన్నాను. ఏడాదిపాటు చెవిని చూసుకునే ఓపిక ఉందో లేదో అక్కడే తెలుస్తుంది గదా!