ఇంటి దీపము – దూరపు మీట



ఫోను నొక్కినంతనే ఇంట దీపము వెలుగుటలో మాయ యేమియు లేదు. 2014లో వెలువడిన ఈఎస్పీ 8266 అను గోరంత వైఫై మైక్రోకంట్రోలరు 3.3 వోల్టులతో పనిచేయును. మన దీపమునకు వచ్చునది 230 వోల్టులు. ఈ రెండును ఒకదాని నొకటి తాకరాదు. నడుమ నిలుచునది రిలే. దాని తీగచుట్టకు సాధారణముగా 5 వోల్టులు, సుమారు 70 మిల్లీ ఆంపియర్లు కావలెను. అంత కరెంటు మైక్రోకంట్రోలరు ఈయజాలదు గనుక ట్రాన్సిస్టరు తోడు పట్టును. చుట్ట అయస్కాంతమై ఇనుపరేకును లాగగా, వేరుగా నున్న మీట కలిసి దీపము వెలుగును.

ప్రాణాపాయ మిచటనే యున్నది. రిలేను ఫేజు తీగకే వేయవలెను. న్యూట్రలునకు వేసినచో దీపమారును గాని, హోల్డరులో విద్యుత్తు నిలిచియే యుండును. బల్బు మార్చబోయిన వాని గతి యేమి?

మరియొక మాట. గోడస్విచ్చిని పీకివేయకుడు. దాని చోట టూవే స్విచ్చి నుంచి రిలేతో జతచేసినచో, ఇంటర్నెట్టు లేని రాత్రియు ఇంటి ముసలమ్మ తన చేతితోనే దీపము వెలిగించుకొనగలదు.