స్టాప్ మోషన్‌కు కెమెరా కొనేముందు

బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకో ఫొటో. ఇదే స్టాప్ మోషన్. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫొటోను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 ఫొటోలు కావాలి. దీనికి వీడియో కెమెరా అక్కర్లేదు. 2005లో వచ్చిన స్టాప్ మోషన్ సినిమా 'కార్ప్స్ బ్రైడ్'ను ఫొటోలు తీసే కానన్ డిజిటల్ కెమెరాలతోనే తీశారు.

కొనుగోలు మాత్రం కెమెరాను కంప్యూటర్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌తో మొదలవ్వాలి. డ్రాగన్‌ఫ్రేమ్ వంటి సాఫ్ట్‌వేర్‌కు, దానితో పనిచేసే కెమెరాల జాబితా ఉంటుంది. ఒకే కంపెనీ కెమెరాల్లోనూ కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. అందుకే ముందు జాబితా, తర్వాతే కెమెరా. లైవ్ వ్యూ ఉందో లేదో కూడా అందులోనే చూడాలి. కెమెరా చూసేది కంప్యూటర్ తెరపై కనిపించి, పాత ఫొటో దానిపై లీలగా పరుచుకుంటేనే బొమ్మ ఎంత కదిలిందో తెలుస్తుంది.

చాలామంది దెబ్బతినేది లెన్స్ దగ్గర. ఆటోమేటిక్ లెన్స్ ప్రతి ఫొటోకూ, వెలుగును లోనికి పంపే రంధ్రమైన అపర్చర్‌ను మూసి తెరుస్తుంది. ప్రతిసారీ సరిగ్గా అంతే మూయదు. ఆ పిసరంత తేడాకే తెరమీద వెలుగు రెపరెపలాడుతుంది. చేత్తో తిప్పే అపర్చర్ రింగున్న పాత లెన్స్‌ను అడాప్టర్‌తో బిగిస్తే ఆ బెడద ఉండదు.

కంప్యూటర్ మరీ ఖరీదైనది కానక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అడిగే ఆపరేటింగ్ సిస్టం, ఫొటోలకు చాలినంత చోటు ఉండాలి. కెమెరాకు బ్యాటరీ బదులు కరెంటు అడాప్టర్ పెట్టాలి. షాట్ మధ్యలో బ్యాటరీ మార్చబోతే కెమెరా కదిలి, అప్పటిదాకా తీసింది వృథా అవుతుంది.

అంత ఖర్చు భరించలేనివారికి ఫోనుంది. స్టాప్ మోషన్ స్టూడియో వంటి యాప్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఫోన్‌ను స్టాండుకు బిగిస్తే తొలి సినిమా మొదలుపెట్టవచ్చు.