బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి ముందు వక్తలు సవివరంగా చెప్పారు. నేను మన మనవలు చదివే బడుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత మన కోస్తాలో తుఫాను రక్షణ భవనాలు ఎన్నో కట్టారు. వాటిలో కొన్నింటిలో మామూలు రోజుల్లో బడులు నడుస్తాయి. ఇది మంచి పద్ధతి. రోజూ వాడే భవనం పాడుబడదు, పిల్లలకు దారి తెలిసి ఉంటుంది.

అయితే కట్టడం ఒక ఎత్తు, సిద్ధంగా ఉంచడం మరొక ఎత్తు. నేను తీరప్రాంతంలో గుమాస్తాగా ఉండగా ఒక సాయంత్రం తుఫాను హెచ్చరిక వచ్చింది. జనం పిల్లాజెల్లాతో అలాంటి భవనం దగ్గరకు చేరారు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన పెళ్ళికని పొరుగూరు వెళ్ళారు. వానలో అరగంట నిలబడి, చివరకు తాళం పగలగొట్టించాం. ఫైలులో మాత్రం ఆ భవనం అన్ని విధాలా 'పూర్తయినది'.

అగ్నిప్రమాదాల సంగతీ అంతే. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో నిప్పు రేగి, పైన ఆకుల కప్పుకు అంటుకుంది. మెట్లదారి ఇరుకు. 94 మంది పసిపిల్లలు బలయ్యారు. 2009లో సుప్రీంకోర్టు, సురక్షితమైన బడి విద్యాహక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు ఉండాలని, వాటి వాడకం సిబ్బందికి నేర్పాలని ఆదేశించింది.

కనుక నా విన్నపం ఒక్కటే. మీ వీధిలోని బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఈ ఐదూ చూడండి:

1. రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?
2. మెట్లకు, వరండాకు విరిగిన బెంచీలు అడ్డుగా ఉన్నాయా?
3. మంటలార్పే సిలిండరు గడువు తీరిందా?
4. వంట పొయ్యి తరగతి గదులకు ఎంత దూరం?
5. డాబా మీద నీరు పోయే గొట్టాలు పూడిపోయాయా?

తప్పులెన్నడానికి వెళ్ళవద్దు. చూసినది కాగితం మీద పెట్టి, ఒక నకలు ఉంచుకొని, వారికి అందజేయండి. నెల తరువాత మళ్ళీ అడగండి. రిమైండరు వేయడం మనకు ఒకరు నేర్పాలా?

వచ్చే సమావేశంలో ఎవరు ఏ బడి చూశారో చెప్పుకుందాం.