నమూనాల పోటీలో సమన్యాయము



2022 మార్చి 28వ తేదీన యాదగిరిగుట్ట ఆలయము పునర్నిర్మాణానంతరము భక్తులకు తెరువబడినది. నల్లని కృష్ణశిలతో లేచిన ఆ గోపురములను నిత్యము చూచు పిల్లలు, వానిని అట్టతోను మట్టితోను చిన్న ప్రమాణమున నిలుపగోరుట సహజము.

అట్టి నమూనాలతో ఇద్దరు బాలురు బడిపోటీకి వచ్చిరనుకొందము. ఒకని గోపురము అంగడిలో కొన్న అచ్చుముక్కల కూర్పు, నిగనిగలాడుచున్నది. రెండవవాడు పాత అట్టపెట్టెలను కొలిచి, కత్తిరించి, అతికించినాడు. ఒక అంతస్తు కొంచెము వంకర. కంటికి మొదటిదే గెలుచును. అయిన బహుమతి బాలుని పనికా, అంగడి పనికా?

కొన్నది ఏదియు ఉండరాదని శాసించిన చాలునని తోచవచ్చును. కాని వడ్రంగి ఇంటి పిల్లవానికి పనిముట్లు చేతికందును. కూలివాని బిడ్డకు కత్తెరయైన దొరకదు. చిన్న మోటారును ఏ బాలుడును స్వయముగా చేయజాలడు. కనుక దోషము కొనుటలో లేదు, దాచుటలో ఉన్నది.

ఇతర దేశములందును ఈ చిక్కు కలదు. అమెరికాలోని ఆక్రన్ పట్టణమున పిల్లలు తాము కట్టిన బండ్లను వాలుమీద దొర్లించు పందెము ప్రసిద్ధమైనది. 1973లో గెలిచిన బండి ముక్కులో విద్యుదయస్కాంతము దాచబడియుండెను. ముందున్న ఇనుప అడ్డుపలక వాలగానే అది బండిని ముందుకు లాగెను. ఎక్స్‌రేతో గుట్టు బయటపడి బహుమతి రద్దయినది. ఆ పనిలో పెద్దవారి చేయి ఉన్నట్లు తేలెను. పెద్దల ఆశకు పసివాడు తలవంచుకొనవలసివచ్చినది.

మన దేశమున ఇన్‌స్పైర్ మానక్ పథకము క్రింద ఎంపికైన ప్రతి విద్యార్థికి నమూనా నిమిత్తము 10,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు కలదు. అందరికి ఒకే మొత్తమనుట మంచి ఆరంభము. గ్రామపోటీలకు మూడు నియమములు చాలును. ఖర్చునకు అందరికి ఒకే హద్దు ఉండవలెను. కొన్న భాగముల పట్టికను, సాయపడిన పెద్దల పేర్లను నమూనా ప్రక్కనే అంటించవలెను. న్యాయనిర్ణేత ఒక భాగమును విప్పించి, మరల అమర్చుమని బాలుని అడుగవలెను. చేసినవాని వ్రేళ్ళకు దారి తెలియును.

గ్రంథాలయము తన వంతుగా ఒక బల్లమీద కత్తెర, కొలబద్ద, జిగురు ఉంచి, అవి లేని ఇండ్ల పిల్లలకు సాయంకాలము తలుపు తెరచినచో, ఆ వంకర గోపురము మరుసటి ఏడు నిటారుగా నిలుచును.