1600 మీటర్లు: నాలుగు చుట్ల లెక్క



అమరాపురం, మడకశిర వైపు మన పిల్లల్లో చాలామంది అగ్నివీర్‌కో, కానిస్టేబుల్ ఉద్యోగానికో తయారవుతున్నారు. అందుకే ఈరోజు పరుగు గురించి నాలుగు మాటలు చెప్తాను.

"మీవాళ్లకు పరుగు పుట్టుకతోనే వస్తుంది కదా" అని బయటివాళ్లు మనల్ని మెచ్చుకుంటుంటారు. ఆ మాట నమ్మితే నష్టం మనకే. మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగారు, నిజమే. కానీ వాళ్లు నడిచిన నడక మన కాళ్లలోకి దానంతటది రాదు. మిల్కా సింగ్‌ను చూడండి. సైన్యం ఆయన్ను మూడుసార్లు తిప్పి పంపింది. నాలుగోసారి తీసుకుంది. ఆయన పరుగు నేర్చింది మన సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లో. అక్కడ క్రాస్ కంట్రీ పరుగులో మొదటి పదిమందిలో నిలిచి ప్రత్యేక శిక్షణకు ఎంపికయ్యాడు. ఆ మనిషే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో నాలుగో స్థానంలో నిలిచాడు. శిక్షణ దొరికాకే ఆయన పరుగు బయటపడింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 2025 ప్రకటన ప్రకారం అగ్నివీర్ 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు. 5:45 లోపు 48, 6:00 లోపు 36, 6:15 లోపు 24. అది దాటితే ఇంటికే. పుల్‌అప్స్ 10 తీస్తే 40 మార్కులు. పరుగులో పోయిన పావు నిమిషం 12 మార్కులు తింటుంది.

1600 మీటర్లంటే 400 మీటర్ల గ్రౌండ్‌లో నాలుగు చుట్లు. 5:30 అంటే చుట్టుకు 82 సెకన్ల పైచిలుకు. మనవాళ్లలో ఎక్కువమంది ఓడేది మొదటి చుట్టులోనే. గుంపులో ముందుండాలని 70 సెకన్లలో లాగించేస్తారు. మూడో చుట్టుకు ఊపిరి అందదు, కాళ్లు రాయైపోతాయి. మొదటి చుట్టు 81, 82లో ఉంచండి. మధ్య రెండు చుట్లూ అదే వేగం పట్టండి. దాచిన బలం చివరి 300 మీటర్లలో తీయండి.

మరి ఆ వేగం ఎలా వస్తుంది? రోజూ 1600 ప్రాణం పెట్టి పరుగెత్తితే రాదు. వారానికి రెండు రోజులు గట్టిగా, రెండు మూడు రోజులు నెమ్మదిగా పరుగెత్తాలి. నెమ్మది పరుగంటే పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగేంత. 5, 6 కిలోమీటర్లు అలా పోతే గుండె బలపడుతుంది, కండకు రక్తం బాగా అందుతుంది. గట్టి రోజున 400 మీటర్లు ఆరుసార్లు తీయండి, మధ్యలో రెండు నిమిషాలు నడవండి. ఇంకో గట్టి రోజున 200 మీటర్లు ఎనిమిదిసార్లు. ఆదివారం 8 కిలోమీటర్లు తీరికగా. మిగిలిన రోజుల్లో పుల్‌అప్స్, కాళ్ల వ్యాయామం. ఒకరోజు పూర్తిగా విశ్రాంతి.

ఇప్పుడు 7 నిమిషాలు పడుతున్నవాడి చుట్టు 105 సెకన్లు. వాడు 82తో మొదలుపెట్టకూడదు. 400లను 98, 100 సెకన్లలో తీసి, రెండు వారాలకోసారి రెండేసి సెకన్లు తగ్గించుకోవాలి. మూడు వారాలకోసారి మాత్రమే 1600 టైమ్ చూసుకొని నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడు నెలలు సరిపోనివాళ్లు ఉంటారు, ఆరు నెలలు పట్టనివ్వండి. ప్రకటన వచ్చాక మొదలుపెట్టేవాడికి ఆ సమయం దొరకదు.

ఇక ప్రాణం సంగతి. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షకు మగవాళ్లకు 60 నిమిషాల్లో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆగస్టు, సెప్టెంబర్ ఉక్కలో పదిమందికి పైగా యువకులు చనిపోయారు. 2025 జనవరిలో మన మచిలీపట్నంలోనూ కానిస్టేబుల్ అభ్యర్థి ఒకరు 1600 మీటర్ల పరుగు తర్వాత ప్రాణం విడిచాడు. వాళ్లూ మనలాంటి ఇళ్ల పిల్లలే. అందుకే చెప్తున్నా: ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఒళ్లు కాలిపోతున్నా చెమట ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగిపోండి. నీడకు చేరండి, ఒంటి మీద నీళ్లు పోయండి, ఆసుపత్రికి పదండి. ఉద్యోగానికి ఇంకో ఏడాది ఉంటుంది. శక్తి వస్తుందని ఎవరైనా సూది గానీ మాత్ర గానీ ఇస్తే ముట్టుకోవద్దు. ఎండాకాలంలో మన వైపు ఏడు గంటలకే ఎండ చురుక్కుమంటుంది, ఆలోపే పరుగు ముగించండి.

తిండికి వేల రూపాయల డబ్బాలు అక్కర్లేదు. రాగి ముద్ద, ఉలవలు, వేరుశనగ, గుడ్డు, ఆకుకూర చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఎంతుందో చూపించుకోండి. రక్తం తక్కువుంటే ఎంత పరుగెత్తినా టైమ్ తగ్గదు. చెల్లెళ్లూ, ఇది మీకు మరీ ముఖ్యం. సైన్యంలో మిలిటరీ పోలీస్ విభాగంలోకి అమ్మాయిలను తీసుకుంటున్నారు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షలో మీకు 1.6 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర నిమిషాలు ఇస్తారు. అన్నలు, తండ్రులు గ్రౌండ్ దాకా తోడు రావాలి, పిల్లను ఇంట్లో ఆపడం కాదు.

కాగితాల మాట ఒకటి. అగ్నివీర్‌లో కులం కోటా లేదు, అందరితో సమానంగా పరుగెత్తాలి. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి వాటిలో ఎస్టీ రిజర్వేషన్ ఉంది, ఎత్తులోనూ సడలింపు ఉంది. ఆంధ్రలో సుగాలీలం ఎస్టీలం. సరిహద్దు దాటితే కర్ణాటకలో మన చుట్టాలే లంబాణీల పేరుతో ఎస్సీ జాబితాలో ఉన్నారు. కాబట్టి మీ సర్టిఫికెట్, నివాస పత్రం, పదో తరగతి మార్కుల జాబితాలో పేర్లు, ఊర్లు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. సగం దూరం అక్కడే పోతుంది. డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మీ టైమ్‌ను వాళ్లు పరుగెత్తలేరు.

చివరిగా ఒక పని అప్పగిస్తాను. ప్రతి తండాలో అయిదుగురు కలవండి. టేపు తీసుకొని స్కూల్ గ్రౌండ్‌లోనో, వాహనాలు తిరగని మట్టి దారిలోనో 200 మీటర్లు కచ్చితంగా కొలిచి, రెండు కొసల్లో సున్నం గుర్తు పెట్టండి. ఒకరు పరుగెత్తితే ఒకరు ఫోన్‌లో టైమ్ చూడండి. ముందే సైన్యంలోకి వెళ్లి సెలవుకు వచ్చిన అన్నలుంటే ఒకపూట పిలిచి చూపించమనండి. వచ్చే జయంతికి ఆ నోట్‌బుక్కులు పట్టుకొని ఈ వేదిక మీదికి మీరే రండి.

జై సేవాలాల్.