ఆవరణకూ ఒక శిల్పి



ఇల్లు కట్టాలనుకోగానే మనకు ఎవరెవరు గుర్తుకొస్తారు? ప్లాను గీసే ఆర్కిటెక్టు, లెక్కలు వేసే ఇంజనీరు, గోడ కట్టే మేస్త్రి, ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారు. అంతా పూర్తయి, రంగులు కూడా వేయించాక, గృహప్రవేశం వారం రోజులుందనగా నర్సరీకి వెళ్ళి నాలుగు క్రోటన్లు, రెండు గులాబీ కుండీలు తెచ్చి గేటు పక్కన పెడతాం. దాంతో ఆవరణ సంగతి తీరిపోయిందనుకుంటాం. అసలు ఆవరణ సంగతి పునాదికన్నా ముందు చూడవలసినదనీ, దానికోసం ప్రత్యేకంగా చదువుకున్నవారు ఉన్నారనీ మనలో చాలామందికి తెలియదు. వారిని లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు అంటారు. మనం 'ఆవరణ శిల్పి' అని పిలుచుకుందాం. వారు చేసే పని ఏమిటి, దానికీ మన వంటింటి కుళాయికీ ఉన్న సంబంధం ఏమిటి అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఆవరణ శిల్పి తోటమాలి కాదు. తోటమాలిది మొక్కను బ్రతికించే విద్య. అది గొప్ప విద్యే, కాదనను. కాని ఆ మొక్క అక్కడ ఎందుకుండాలి, అక్కడ ఉండవలసింది మొక్కా, మెట్లా, నీటిగుంటా అని తేల్చేది ఆవరణ శిల్పి. ఆర్కిటెక్టు ముఖ్యంగా కట్టడం సంగతి చూస్తే, ఈ శిల్పి దాని బయట ఉన్న నేలంతా చూస్తారు. కాలనీ పార్కు, బడి ఆటస్థలం, ఆసుపత్రి ఆవరణ, చెరువుగట్టు, రోడ్డు పక్క చెట్ల వరస, ఆఖరికి శ్మశానవాటిక కూడా ఆ పరిధిలోకే వస్తాయి.

నిజానికి ఇది మనకు బొత్తిగా కొత్త విద్యేమీ కాదు. పాత ఇళ్ళలో నూతి దగ్గర అరటిచెట్లు, చేమదుంపలు ఎందుకు వేసేవారు? గిన్నెలు తోమిన నీళ్ళూ, స్నానాల నీళ్ళూ వృథాగా పోకుండా వాటి మొదళ్ళకు చేరాలని. ఊళ్ళో ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కిందనున్న మరో చెరువులోకి వెళ్ళేది. ఆ గొలుసుకట్టు చెరువులు తవ్వించినవారు ఏ కాలేజీలోనూ పట్టాలు పుచ్చుకోలేదు గాని, నేల వాలు చదవగలిగిన పండితులు. ఇప్పుడు పెరడు పోయి అపార్ట్‌మెంటు వచ్చింది. వాలు చదివే అలవాటు మాత్రం మన వెంట రాలేదు.

వృత్తిగా ఈ పేరు వాడుకలోకి వచ్చింది అమెరికాలో, 1860 ప్రాంతాల. న్యూయార్కు నగరం నడుమ సెంట్రల్ పార్కు కోసం పోటీ పెడితే 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరి ప్లాను నెగ్గింది. పార్కును అడ్డంగా దాటవలసిన నాలుగు రోడ్లను వారు నేలమట్టానికి కిందుగా దించేశారు. బళ్ళ రాకపోకలు సాగుతూనే ఉంటాయి, పైన నడిచేవారికి వాటి బెడద ఉండదు. పూలమొక్కల ముచ్చట కంటె ముందు ఆలోచించవలసినది ఇదీ అని వారు చూపించారు. ఆ దేశంలో ఈ వృత్తివారి సంఘం 1899లో ఏర్పడినప్పుడు వ్యవస్థాపకులు 11 మంది. వారిలో ఒకే ఒక్క స్త్రీ, బియాట్రిక్స్ జోన్స్. పెళ్ళి తరువాత ఫారండ్ అయ్యారు. ఆడవాళ్ళకు ఈ చదువు చెప్పే కాలేజీలే లేని రోజుల్లో ఆమె ఈ విద్య నేర్చుకుని, వాషింగ్టన్‌లోని డంబర్టన్ ఓక్స్ వంటి పేరుపొందిన తోటలకు రూపకల్పన చేశారు.

సరే, ఇంతకూ ఆవరణ శిల్పి చేసే పని ఏమిటి? కాగితం మీద గీత గీయకముందే స్థలానికి వచ్చి నడుస్తారు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, వాననీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది, ఏ చెట్టు మొదలు ఎంత లావు, మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడ పడుతుంది, తవ్వితే ఎర్రమన్నా, నల్లరేగడా, రాయా అని చూస్తారు. ఈశాన్యం పల్లంగా ఉండాలని మనం ఎంతో పట్టింపుగా ఉంటాం. కాని ఆ స్థలం సహజంగా ఎటు వాలి ఉందో చూడం. నైఋతికి వాలిన నేలను మట్టిపోసి ఎత్తు చేసేస్తాం. అదివరకు అటుగా పోయే నీరు ఇప్పుడు పక్కింటివారి గుమ్మంలో నిలుస్తుంది. వాస్తు సరిపోయిందని మనం సంతోషిస్తాం, పక్కింటావిడ బకెట్టు పట్టుకుంటుంది!

రెండో పని మట్టిని కాపాడటం. నేలలో పైనున్న జానెడు మన్నే సారవంతమైనది. పునాదులు తవ్వేవారు దాన్ని అడుగు మట్టితో కలిపి లారీకెత్తించేస్తారు. తెలిసిన శిల్పి పని మొదలుకాకముందే ఆ పైమన్ను గీయించి ఒక మూల పోగు పెట్టిస్తారు, కట్టడం అయ్యాక తిరిగి పరిపిస్తారు. పాల మీద మీగడ తీసి దాచుకున్నట్టన్నమాట. ఆ మీగడ పారబోసి, తరువాత ఎరువు బస్తాలు ఎన్ని కొన్నా మొక్క ఎదగదు.

మూడోది బరువు లెక్క. ఈరోజుల్లో అపార్ట్‌మెంటు కింద కార్ల సెల్లారు, ఆ సెల్లారు కప్పు మీద తోట. బొమ్మలో పెద్ద పెద్ద చెట్లు చూపించి ఫ్లాట్లు అమ్ముతారు. చెట్టు నిలబడాలంటే కనీసం నాలుగు అడుగుల లోతు మట్టి కావాలి. తడిసిన మట్టి ఆ లోతున చదరపు మీటరుకు సుమారు 2,000 కిలోలు తూగుతుంది. ఆ మాట కప్పు పోయకముందే ఇంజనీరుకు చెప్పాలి. కప్పు పోశాక చెబితే పెళ్ళయ్యాక ముహూర్తం అడిగినట్టుంటుంది. చెట్లు బొమ్మలోనే మిగులుతాయి, కప్పు మీద కుండీలు మిగులుతాయి.

ఇక నీటి విషయం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది సరిగ్గా ఒక లీటరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మీ ఇంటి స్థలం 200 గజాలనుకోండి, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. ఏడాదిలో ఆ ఒక్క స్థలం మీద 1,33,000 లీటర్ల నీరు ఆకాశం నుంచి ఉచితంగా దిగుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న కుటుంబానికి ఇది ఎనిమిది నెలల వాడకం. అంతా పట్టుకోలేం, నిజమే. సగం పట్టుకున్నా 5,000 లీటర్ల టాంకర్లు 13 మిగిలినట్టు. కాని మనం గేటు దాకా గచ్చు చేయించి, ఆ నీటినంతా వీధిలోకి సాగనంపి, వేసవిలో టాంకరు కోసం ఫోను పట్టుకుని కూర్చుంటాం.

ఇంటింటి నుంచీ అలా సాగనంపిన నీరు ఎక్కడికి పోతుంది? 2020 అక్టోబరులో హైదరాబాదు చూసింది. చెరువు శిఖం భూముల్లోనూ, నాలాల వెంటా కట్టిన కాలనీలు మునిగిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వాసులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నారు. సెల్లారులో నీళ్ళు నిలిచి మోటారు కాలిపోయి, లిఫ్టు ఆగిపోతే మెట్ల మీదుగా బిందె మోసేది ఎవరో నేను వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఈ విషయం మగవారి మీటింగులకు వదిలేయదగ్గది కాదంటాను.

ఇటువంటి కష్టం నుంచే ఒక స్త్రీ మంచి పని చేసి చూపించారు. థాయిలాండు రాజధాని బాంకాక్‌లో 2011లో పెద్ద వరద వచ్చింది. నిరాశ్రయులైన లక్షలాది మందిలో కోచ్చకార్న్ వోరాఖోమ్ అనే ఆవరణ శిల్పి కుటుంబం కూడా ఉంది. అక్కడి చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం తన శతాబ్ది సందర్భంగా 11 ఎకరాల్లో పార్కు వేయించదలచినప్పుడు, ఆమె ఆ పార్కు మొత్తాన్ని 3 డిగ్రీల వాలుగా రూపొందించారు. ఎత్తయిన వైపు పచ్చిక కప్పు. కురిసిన వాన అక్కడి నుంచి అటూ ఇటూ ఉన్న తడినేలల్లో వడకట్టుకుంటూ కిందనున్న చెరువులోకి దిగుతుంది. 2017లో తెరిచిన ఆ పార్కు సుమారు 38 లక్షల లీటర్ల నీటిని పట్టి ఉంచగలదు. పిల్లలు ఆడుకునే చోటే వాన వచ్చిననాడు నగరానికి గంగాళమైంది.

అంత దూరం పోనక్కరలేదు. మన గోల్కొండ పక్కన 106 ఎకరాల కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణ ఉంది. అక్కడి మెట్లబావుల్లో పెద్దదైన బడీ బావి ఒక వైపు 2013 వానలకు కూలిపోయింది. ఆ ఏడే మొదలైన పునరుద్ధరణలో దాన్ని తిరిగి నిలబెట్టారు, మిగతా బావుల్లో పూడిక తీశారు. ఆవరణలో కురిసిన వాన ఆ బావుల్లోకి చేరుతుంది, ఆ నీరే అక్కడి చెట్లకు అందుతుంది. ఈ పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. పురాతన కట్టడాల నిపుణులు, ఇంజనీర్లు, రాతిపనివారు, ఆవరణ శిల్పులు కలిసి కూర్చుంటే నాలుగువందల ఏళ్ళనాటి బావి కూడా నేటి అవసరానికి పనికొస్తుందన్నమాట.

చెట్ల ఎంపికలో కూడా చూపుకు బాగుంటే చాలదు. త్వరగా పెరిగి పచ్చగా ఉంటుందని ఊరూరా కోనోకార్పస్ నాటారు. దాని పుప్పొడి వల్ల ఎలర్జీ, ఉబ్బసం వస్తున్నాయనీ, వేళ్ళు భూమిలోని పైపులను పాడుచేస్తున్నాయనీ ఫిర్యాదులు వచ్చి, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది. మన కానుగ, వేప, పొగడ, నేరేడు నెమ్మదిగా పెరిగితే పెరగనీయండి. పడమటి గోడకు ఒక్క కానుగ నీడ పట్టినా సాయంత్రం వంటింటి సెగ తగ్గుతుంది. పచ్చిక బయలు సంగతీ అంతే. ఎండాకాలంలో చదరపు మీటరు పచ్చిక రోజుకు 5 లీటర్లు తాగుతుంది. వంద చదరపు మీటర్ల పచ్చిక అంటే ఇంచుమించు నలుగురి ఇంటి నీళ్ళన్నమాట. పిల్లలు పొర్లాడటానికి ఉంచండి. ఎవరూ కాలు పెట్టని అలంకారానికైతే వద్దు.

మరొక సంగతి. ఆవరణ అందరిదీ కావాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, చక్రాల కుర్చీలోని మామగారు, తోపుడు బండిలో పసిబిడ్డ, వీరంతా పార్కులోకి వెళ్ళగలగాలి. ఒక అడుగు ఎత్తెక్కడానికి 12 అడుగుల పొడవైన వాలుదారి కావాలి. దానికి చోటు ముందే వదలాలి. తరువాత గుర్తొచ్చి నిటారుగా కట్టిన వాలు మీద కుర్చీ ఎక్కదు, జారుతుంది.

ప్రతి ఇంటివారూ ఆవరణ శిల్పిని నియమించుకోలేరు. కాని ఫ్లాటు కొనబోయే ముందు నాలుగు ప్రశ్నలు ఎవరైనా అడగవచ్చు. ఈ స్థలం సహజమైన వాలు ఎటు? వాననీరు ఎక్కడ ఇంకుతుంది? సెల్లారు కప్పు మీద ఎన్ని అడుగుల మట్టికి లెక్క కట్టారు? ఉన్న చెట్లలో ఎన్ని ఉంచుతున్నారు? వందల కుటుంబాలు ఉండబోయే చోటైతే, ఆవరణ ప్లాను ఎవరు గీశారో కూడా అడగండి. 'లాండ్‌స్కేపింగ్' అని బోర్డు పెట్టుకున్న ప్రతివారూ ఆ చదువు చదివినవారు కారు. ఇప్పటికే కట్టిన చోటైనా చేయగల పనులున్నాయి. సంఘం మీటింగుకు మీరే వెళ్ళండి. చెట్ల మొదళ్ళ చుట్టూ సిమెంటు బిగించి ఉంటే తీయించండి. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు ఉండరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. గచ్చులో కొంత పగలగొట్టి ఇంకుడుగుంత తీయించండి.

ఇంకొక్క మాట అమ్మాయిల తల్లులకు. లెక్కలు తీసుకుని ఇంటరు చదివే మీ అమ్మాయికి మట్టి, చెట్టు, బొమ్మలు గీయడం ఇష్టమైతే ఈ దారి కూడా చూపించండి. సాధారణంగా ఐదేళ్ళ బి.ఆర్క్. చదివాక రెండేళ్ళ పై చదువు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనూ ఈ పై చదువు ఉంది. ఎండలో తిరగాలి, మేస్త్రీలతో వాదించాలి, నాటిన చెట్టు నీడ చూడటానికి పదేళ్ళు ఆగాలి. కాని పిల్లల్ని పెంచినవాళ్ళం, ఆగడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా!

వానాకాలం వచ్చినప్పుడు ఒకసారి గొడుగు వేసుకుని మీ ఆవరణ చుట్టూ తిరిగి, పడిన నీరు ఎటు పోతోందో చూడండి. ఆవరణ శిల్పి మొట్టమొదట చేసే పని అదే. ఆ చూసినది సంఘం మీటింగులో గట్టిగా చెప్పండి.